మూత విప్పకూడని ఇంజను

ఆయన వృత్తి కట్టుడు పళ్లు తయారు చేయడం. దంతవైద్యులు పంపిన అచ్చులను ముందు పెట్టుకుని, ఆ నోళ్లు ఎవరివో ఎన్నడూ చూడకుండానే, నలభై నాలుగేళ్లపాటు పై సెట్లూ కింది సెట్లూ చేసి పంపాడు. వీధిలో చిన్నా పెద్దా అందరూ సెట్లాయన అనే పిలుస్తారు. ఆయన్ను గొప్ప కళాకారుడని అనడానికి ఆధారాలు తక్కువ. చేసిన సెట్లలో తిరిగి వచ్చినవి అరుదు అని మాత్రం చెప్పవచ్చు. ఆ వృత్తిలో అంతకు మించిన పొగడ్త ఎవరికీ దక్కదు.

పని మానేసిన తరువాత ఆ చేతులు ఖాళీగా ఉండలేకపోయాయి. సైకిళ్ల దుకాణం కింద ఉన్న నేలమాళిగలో పన్నెండుమంది పెద్దమనుషులు ఒక బొమ్మ రైళ్ల సంఘం నడుపుతారు. గది నిండా నడుము ఎత్తు బల్లలు, వాటి మీద పట్టాలు, స్టేషను, వంతెన, అటకంత ఎత్తుకు పోయే ఒక వాలు. ఆయన అందులో చేరిన ఏడాదే సంఘం ఒక తీర్మానం చేసింది: రైళ్లన్నీ డిజిటల్ కావాలి.

ఇది తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పాత పద్ధతిలో మీట తిప్పితే పట్టాల్లోకి కరెంటు వచ్చేది, పట్టా మీద ఏ ఇంజను ఉంటే అది కదిలేది. ముందూ వెనకా అన్నది కరెంటు ఇష్టం. ఇంజన్ను తిప్పి నిలబెట్టినా అది అదే దిక్కుకు పోయేది. కొత్త పద్ధతిలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ప్రతి ఇంజను కడుపులోనూ డీకోడర్ అనే గోరంత పలక ఒకటి కూర్చుని, తన అంకెను ఎవరైనా పిలుస్తారేమోనని వింటూ ఉంటుంది. పిలిస్తే కదులుతుంది, లేకపోతే లేదు. అంటే ఆ పలక చేరిన రోజు నుంచి ఇంజనుకు ఒక పేరూ, తనదంటూ ఒక ముఖమూ వస్తాయి. మనుషుల్లో చాలామందికి ఈ రెండింటిలో ఒకటే ఉంటుంది.

పాత ఇంజన్లలో ఈ పలకకు చోటు ఉండదు. అవి తయారైన కాలంలో దాని ఊహే లేదు. మోటారు ఒక కొస ఇంజను చట్రానికే అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీయకుండా పలక బిగిస్తే ఒక్క క్షణం నీలి పొగ, తరువాత శాశ్వత మౌనం. పంటి చిగురులో వెంట్రుకంత సందు చూసుకుని పనిచేసిన చేతులకు ఈ విడదీత పెద్ద కష్టం కాలేదు. రెండేళ్లలో ముప్పయ్యేడు ఇంజన్లను ఆయన మార్చాడు. ఒక్కటీ కాలలేదు.

ముప్పై ఎనిమిదోది ఆయన సొంతది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

కారణం ఆయన అక్క. అరచేతికి అటూ ఇటూ పొడుచుకొచ్చే పెద్ద కొలత ఇంజను అది. వెనక బొగ్గుపెట్టె, ఆ పెట్టెలోనే మోటారు. ఆయనకు తొమ్మిదేళ్లు, అక్కకు పద్నాలుగేళ్లు ఉన్నప్పుడు అది పాడైతే అక్కే బాగుచేసి, బొగ్గుపెట్టె మూత నాలుగు మరలతో బిగించి, "ఇది మళ్లీ విప్పావో, నీకూ నాకూ మాటల్లేవు" అంది. ఆయన యాభై మూడేళ్లుగా విప్పలేదు. ఈ మధ్యలో అక్క తూనికలూ కొలతల శాఖలో తనిఖీ అధికారిగా చేరి, ఊళ్లోని తక్కెళ్లన్నింటినీ వణికించి, రిటైరైంది. ఆమె మాట కాదన్న దుకాణదారుల గతి తమ్ముడికి తెలుసు.

ఇన్నాళ్లూ సంఘంలో పొద్దున పాత కరెంటు, మధ్యాహ్నం కొత్త కరెంటు నడిచేవి. ఆయన పొద్దునే వచ్చి తన ఇంజన్ను తిప్పుకుని పోయేవాడు. పట్టాల అతుకు దాటినప్పుడల్లా అది లోపల ఎక్కడో "టక్" మనేది. చక్రం కాస్త వంకర అయివుంటుందని ఆయన అనుకునేవాడు. ఒక మంగళవారం మరచిపోయి మధ్యాహ్నం దాకా ఉంచేశాడు. కొత్త కరెంటు తగలగానే అంకె లేని ఆ ఇంజను ఎటూ పోలేక, ఎవరి పిలుపూ అర్థం కాక, నిలబడ్డ చోటే దోమలా రొద పెట్టసాగింది.

డ్రైవింగు పరీక్షలు పెట్టడంలోనే జీవితం గడిపి రిటైరైన కార్యదర్శి చెవులు మూసుకున్నాడు.

"సెట్లాయన గారూ, అందరి ఇంజన్లకీ బుద్ధి చెప్పారు. మీదొక్కటే ఇలా మూలుగుతుంటే ఎలాగండీ?"

"దానిది వేరే సంగతండీ."

"ఆదివారం నుంచి పాత కరెంటు ఉండదు. ఆ రోజు పరీక్ష. కదలాలి, ఆగాలి, ఆ ఎత్తు ఎక్కాలి. లేదంటే మీ ఇంజన్ని గౌరవంగా గాజు బీరువాలో పెట్టుకుందాం. చూసే వాళ్లు చూస్తారు."

"గాజులో పెట్టిన సెట్టు గతేమిటో నాకు తెలుసండీ" అన్నాడు సెట్లాయన. "ఇక నోట్లోకి రాదు."

అక్క మాటా, గాజు బీరువా. ఈ రెంటి మధ్య ఆయన రెండు రోజులు నిద్ర లేకుండా ఊగాడు. గురువారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద తుండుగుడ్డ పరిచి, నాలుగు మరలూ విప్పాడు.

మూత లేచింది. మోటారు పక్కన, ఇంజనుకు బరువుగా సీసపు దిమ్మ ఉండవలసిన చోట, గాయాలకు అంటించే పట్టీలు చుట్టిన వంకర వస్తువు ఒకటి ఉంది. పట్టీ ఊడదీశాడు. లోపల ఒక కింది పళ్ల సెట్టు.

ఆ వృత్తి చేసినవాడు పళ్లను చూసి తడబడడు. ముందు పనితనం చూశాడు: పూర్వకాలపు పద్ధతి, కింది సెట్టు లేచి రాకుండా అడుగున పోతపోసిన లోహం. చివరి దవడపళ్లు రెండు వైపులా రంపంతో కోసి ఉన్నాయి, పెట్టెలో పట్టడానికి. తరువాత ముందుపన్ను చూశాడు. దాని మూల విరిగి ఉంది. సీసా మూత పంటితో తీయబోయి విరగ్గొట్టుకున్నది లోకంలో ఒక్కరే.

అలికిడి లేకపోయేసరికి భార్య వచ్చి చూసింది.

"మళ్లీ పని మొదలెట్టారా? ఎవరివి?"

"తాతయ్యవి."

"ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటిందిగా!"

"పళ్లు పోయి యాభై మూడేళ్లు."

"ఇప్పుడు దొరికాయని ఎవరికి చెప్తామండీ?"

ప్రశ్న న్యాయమైనదే. తాతయ్య కింది సెట్టు కడగడం ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లవాడి పని. ఒక ఉదయం గిన్నెలో నీళ్లు తూములో పారబోశాడు. గిన్నెలో పళ్లు లేవు. నీళ్లతో పాటే పోయి ఉండాలి అని తనే తీర్మానించుకుని, ఎవరూ అడగకముందే అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఇల్లంతా తూము తవ్వారు. తాతయ్య ఒక్క మాట అనలేదు. అనడానికి పళ్లు లేవని తరువాత బంధువులు అనుకున్నారు. పదహారో ఏట ఆ పిల్లవాడు పళ్ల సెట్లు చేసేచోట పనికి చేరాడు. పందొమ్మిదో ఏట తాతయ్యకు కొత్త కింది సెట్టు చేసి తెచ్చాడు. పదేళ్లు చిగుళ్లతోనే నమలడం అలవాటైన తాతయ్య దాన్ని మెచ్చుకుని, సొరుగులో పెట్టి, మళ్లీ తీయలేదు. అయినా మనవడు ఆ వృత్తి మానలేదు. ఒక నోటికి చేసిన అపకారాన్ని కొన్ని వేల నోళ్లలో తీర్చుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఆ అపకారం జరగనే లేదు.

ఫోను చేశాడు.

"అక్కా, బండి విప్పాను."



"విప్పొద్దన్నానా లేదా?"

"యాభై మూడేళ్లు ఆగాను కదే."

"ఇంకో పదేళ్లు ఆగితే నేను పోయేదాన్ని. అప్పుడు తీరిగ్గా విప్పుకుంటే నీ సొమ్మేం పోయేదిరా?"

మర్నాడు పొద్దున్నే వచ్చింది, చేతిసంచీలో చిన్న త్రాసుతో. కూర్చోకుండానే పళ్లను తూచింది.

"కోసిన ముక్కలు పోగా ఉండాల్సినంతే ఉంది" అంది తృప్తిగా. "రవ్వ అరగలేదు."

"అక్కా, నేనడిగేది బరువు గురించి కాదు."

"మరి దేని గురించిరా? అసలు సంగతే బరువు. బండిలో సీసం దిమ్మ ఎక్కడో పోయింది. పుస్తకాలు పేర్చి ఎత్తు కట్టాం, గుర్తుందా? చక్రాలు గిర్రున తిరిగేవి, బండి మాత్రం అక్కడే ఉండేది. ఎక్కట్లేదని ఏడ్చింది నువ్వే. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ తూచాను. చెంచాలు తేలిక. తాళంకప్ప పట్టలేదు. మేకులు గలగలమన్నాయి. సరిగ్గా సరిపోయింది అదొక్కటే."

"మరి తాతయ్య ఏం పెట్టి నమిలేది?"

"సాయంత్రానికి తీసి గిన్నెలో వేసేద్దామనే అనుకున్నా. కానీ ఎక్కిందిరా! నువ్వు చప్పట్లు కొట్టావు."

"కోశాక ఎలా వేస్తావే గిన్నెలో?"

అక్క ఈ కోణాన్ని యాభై మూడేళ్లలో ఎన్నడూ పరిశీలించినట్టు లేదు. "అదీ నిజమే" అంది.

"అప్పుడే చెప్పొచ్చు కదా."

"చెబుదామనే లోపలికొచ్చాను. నువ్వప్పటికే గోడకి ఆనుకుని, నేనే పారబోశానని ఒప్పుకుంటున్నావు. ఎంత బాగా ఒప్పుకున్నావంటే, నిజంగానే నువ్వు పారబోశావేమోనని నాకే అనుమానం వచ్చింది."

"తర్వాత?"

"తర్వాత నీకు ఆ పళ్లలోనే ఉద్యోగం దొరికింది. పెళ్లయింది. కుదురుకున్న మనిషిని కదపడం దేనికని ఊరుకున్నా."

వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది. సెట్లాయన నవ్వలేదు. ఆయనకు కోపం కూడా రాలేదు. కోపానికి చోటు వెతుకుతున్నాడు. అరవై రెండో ఏట నిర్దోషిగా తేలడంలో ఉన్న ఇబ్బంది ఇదే. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పునాది లేదని ఇప్పుడు తెలిసిన ఇల్లు నలభై నాలుగేళ్లుగా నిలబడే ఉంది, అందులో వేలమంది భోజనం చేసి వెళ్లారు. కారణం అబద్ధమైనంత మాత్రాన వాళ్లు నమిలినది నమలనట్టు అవుతుందా? తాత్త్వికులు ఈ చిక్కును మరింత ఎత్తైన ఉదాహరణలతో చర్చిస్తారు. ఆయన దగ్గర ఉన్న ఉదాహరణ ఇది.

"ఇవి తీసేసి సీసం పెడతాను" అన్నాడు చివరికి. "డీకోడర్‌కి చోటు కావాలి."

"సీసం ఎంత పెడతావు?"

"పట్టినంత."

"పట్టినంత అనేది కొలతా? సరిగ్గా ఇంత ఉంటేనే ఎక్కింది. రవ్వ తగ్గినా జారుతుంది. గాజు బీరువాలో పెడతామంటున్నారన్నావు, నీ ఇష్టం."

ఆయన పళ్లను బొగ్గుపెట్టెలో తిరిగి పెట్టి చూశాడు. పళ్ల వరుస లాడం ఆకారంలో వంగి ఉంది. మధ్యలో, నాలుక ఉండవలసిన చోట, ఖాళీ. డీకోడర్ తెచ్చి అందులో ఉంచాడు. కొలిచి చేసినట్టు కూర్చుంది.

ఆ మధ్యాహ్నమంతా పని జరిగింది. మోటారును చట్రం నుంచి విడదీయడానికి కట్టుడు చిగుళ్లకు వాడే గులాబీరంగు ప్లాస్టిక్‌తో చిన్న బిళ్ల ఒకటి చేశాడు. పళ్ల అడుగున ఉన్న లోహం దేనికీ తగలకుండా, వేడికి కరగని పసుపు టేపు మూడు చుట్లు చుట్టాడు. ఎర్ర తీగ, నల్ల తీగ పట్టాల వైపు. నారింజ తీగ, బూడిద తీగ మోటారు వైపు. ఇవన్నీ ముప్పయ్యేడుసార్లు చేసిన పనులు. కానీ ముప్పయ్యేడుసార్లూ పక్కన అక్క లేదు.

"అంత టేపు దేనికిరా?"

"కరెంటు తగలకుండా."

"తాతయ్యకి ఇంక కరెంటు తగిలితే ఎంత, తగలకపోతే ఎంత? ఆ నారింజ రంగుది అటా, ఇటా?"

"అటే."

"ఇటు పెడుతున్నావు."

"నువ్వు మాట్లాడకుండా ఉంటే అటే పెడతాను."

పెట్టాడు. ఎటు పెట్టాడో ఇద్దరూ చూడలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

ఆదివారం ఉదయం నేలమాళిగలో పదకొండు ఇంజన్లు స్టేషను పట్టాల మీద ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. కార్యదర్శి అట్టకు కాగితం బిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. సెట్లాయన తన ఇంజన్ను గది మూలన ఉన్న చిన్న పట్టా వైపు తీసుకుపోతున్నాడు. ఆ చిన్న పట్టా సంగతి తెలియాలి. కొత్త ఇంజనుకు అంకె ఇచ్చేది అక్కడే, ఒంటరిగా. ఎందుకంటే అంకె ఇచ్చే ఆజ్ఞ ఫలానా ఇంజనుకని ఉండదు. పట్టా మీద ఎవరుంటే వాళ్లందరికీ అదే అంకె అంటుకుంటుంది. ముప్పయ్యేడు ఇంజన్లకూ ఆయన ఈ నియమం పాటించాడు.

"ఎక్కాల్సింది ఇటైతే అటు పోతావేం?" అని అక్క ఇంజను ఆయన చేతిలోంచి తీసుకుంది. ఎత్తు మొదట్లో, పెద్ద పట్టా మీద పెట్టేసింది, ముఖం పల్లానికీ తోక ఎత్తుకీ వచ్చేట్టు. చేతిసంచీని తీసుకెళ్లి మీటల బల్ల మీద, అన్నింటినీ ఆపే ఎర్రటి పెద్ద బొత్తాం కనపడకుండా దాని ముందు పెట్టింది. లోపల త్రాసుంది. బరువైన సంచీ.

"కానివ్వండి, సెట్లాయన గారూ" అన్నాడు కార్యదర్శి. "అంకె ఎంత?"

"తొమ్మిది" అన్నాడు. అన్నంతసేపట్లోనే నొక్కాడు. ఆ ఒక్క నొక్కుతో గదిలోని పన్నెండు ఇంజన్లూ తొమ్మిది అయిపోయాయి. ఆ క్షణంలో ఎవరికీ తెలియలేదు. పేరు మారడం బయటికి కనపడే మార్పు కాదు.

"ముందుకు!" అన్నాడు కార్యదర్శి, పరీక్ష గొంతుతో.

సెట్లాయన మీట తిప్పాడు. స్టేషనులోని పదకొండు ఇంజన్లూ ఒక్కసారిగా బయలుదేరాయి. మొదటిది మలుపు దగ్గర సందేహించింది. రెండోది సందేహించలేదు. మూడోది రెండోదాన్ని ఎక్కబోయింది. నాలుగు నుంచి పదకొండు దాకా ఏమైందో చెప్పడానికి సాక్షులు తలో మాట అన్నారు.

"నాది! నాది పోతోంది!"

"నాది నేను ముట్టుకోలేదండీ, దానంతటదే!"

"ఆపండి! ఎర్ర బొత్తాం! ఎర్ర బొత్తాం ఏదీ?"

"ఇందాక ఇక్కడే ఉంది!"

"ఈ సంచీ ఎవరిది?"

"నాది" అంది అక్క. "జాగ్రత్త, అందులో త్రాసుంది."

ఇంత గోలలో ఒకే ఒక్కరు ఇటు చూడకుండా నిలబడ్డారు. సెట్లాయన ఎత్తు వైపు చూస్తున్నాడు. అక్కడ ఆయన ఇంజను ఎక్కుతోంది. తీగలు తారుమారైనందువల్ల అది ముందుకు అంటే వెనక్కి పోతోంది. తిప్పి పెట్టినందువల్ల దాని వెనకే ఎత్తు ఉంది. ఇద్దరూ చేసిన రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిచేసుకుని, ముసలి ఇంజను తోక ముందు పెట్టుకుని, జారకుండా, తొందరపడకుండా, అటకంత ఎత్తుకు చేరింది. అప్పుడు కార్యదర్శి సంచీ ఎత్తి బొత్తాం నొక్కాడు. అన్నీ ఆగాయి. అదీ ఆగింది, సరిగ్గా శిఖరం మీద.

పదకొండు ఇంజన్లనూ చిన్న పట్టా మీదికి ఒక్కొక్కటిగా తెచ్చి ఎవరి అంకె వాళ్లకు తిరిగి ఇచ్చేసరికి సాయంత్రమైంది. ఆ పనంతా సెట్లాయనే తలవంచుకుని చేశాడు. కార్యదర్శి తన కాగితం ముందుకు లాక్కున్నాడు.

"కదిలింది. ఆగింది. ఎత్తు ఎక్కింది" అన్నాడు. "కానీ వెనక్కి ఎక్కింది. నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదు. ముందుకు పొమ్మంటే వెనక్కి పోయినవాడికి లైసెన్సు ఇవ్వలేదు నేను."

"వెనక్కి పోయి ఊళ్లోకి చేరితే?" అంది అక్క.

"అలాంటివాడు రాలేదమ్మా."

"ఇప్పుడొచ్చాడుగా. రాసుకోండి."

కార్యదర్శి ఆమెను చూశాడు, సంచీని చూశాడు. "నెగ్గింది. దిశ విషయం సంఘం తరువాత పరిశీలిస్తుంది" అని రాసి సంతకం పెట్టాడు. గాజు బీరువా ఖాళీగా ఉండిపోయింది.

అందరూ వెళ్లాక సెట్లాయన ఇంజన్ను మరోసారి తిప్పాడు. అక్క బల్ల మీద మోచేతులు ఆనించి వింటోంది. ఇంజను మొదటి అతుకు దాటింది, రెండోది దాటింది. ఎత్తు ఎక్కింది, దిగింది.

"చప్పుడేదిరా?" అంది.

"ఏ చప్పుడు?"

"టక్ మనేది కదా, అతుకు దాటినప్పుడల్లా."

ఆయన ఇంజన్ను ఆపాడు. అది చక్రం వంకర కాదని ఆయనకు అప్పుడు తెలిసింది. వదులుగా ఉన్న కింది సెట్టు కదిలినప్పుడు వచ్చే చప్పుడది. వేల సెట్లలో ఆయన పోగొట్టిన చప్పుడే. తాతయ్య భోజనం చేస్తుంటే ఇల్లంతా వినపడేది.

"టేపు గట్టిగా చుట్టాను" అన్నాడు. "పనితనం బాగా కుదిరింది."

"ఎక్కువ కుదిరింది" అంది అక్క. బల్ల చివరనున్న మరలు విప్పే కడ్డీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఆ మూత విప్పు. ఒక పక్క కాస్త వదులు చెయ్."

ఆయన అక్క వంక ఒక్క క్షణం చూసి, మొదటి మర విప్పడం మొదలుపెట్టాడు.